పసిమనసుకు పక్కవారి మనసు తెలిసేదెలా

నాలుగేళ్ల పిల్ల తమ్ముడి చేతిలోని బొమ్మకారును లాక్కుంటుంది. వాడు ఏడుపు లంకించుకుంటాడు. "సారీ చెప్పు" అని పెద్దలు గద్దిస్తే, గోడవైపు చూస్తూ ఆ ఒక్క మాటా అనేసి, కారు పట్టుకుని పక్కగదిలోకి వెళ్లిపోతుంది. చూసినవారు దీనికి బొత్తిగా జాలి లేదనుకుంటారు. అదే పిల్ల ఆ సాయంత్రం తలనొప్పితో పడుకున్న తల్లి పక్కకు చేరి, ఎవరినీ ముట్టుకోనివ్వని తన మెత్తటి కుక్కపిల్ల బొమ్మను ఆమె చేతుల్లో పెడుతుంది. ఈ రెండింటిలో అసలు పిల్ల ఏది అన్న ప్రశ్న సరైనది కాదు. రెండు చోట్లా ఉన్నది ఒకే మనసు. ఆ క్షణంలో తన కోరిక ఎంత బలంగా ఉంది, ఎదుటివారి బాధ ఎంత స్పష్టంగా కనిపించింది, ఆ బాధకు ఏం చేయాలో తనకు తెలుసా అన్నవి మాత్రమే మారాయి. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు సహానుభూతి నేర్పడమంటే లేని కరుణను బయటినుంచి నింపడం కాదనీ, ఉన్న కరుణకు దారి చూపడమనీ గత అయిదు దశాబ్దాల బాలల మనస్తత్వ పరిశోధనను చదివినకొద్దీ తేటపడుతుంది.

సానుభూతి, సహానుభూతి అన్న మాటలను వాడుకలో ఒకదాని బదులు మరొకటి వాడేస్తుంటారు. పిల్లల విషయం అర్థం కావాలంటే ఈ కలగలుపును కొంచెం విడదీసి మూడు సంగతులను వేరువేరుగా చూడవలసి ఉంటుంది. ఎదుటివారి ఉద్వేగం మనకూ అంటుకోవడం మొదటిది. పక్కపాప ఏడిస్తే ఈ పాపా ఏడవడం లాంటిది. వారు ఎందుకలా ఉన్నారో ఊహించగలగడం రెండోది. వారి మేలు కోరి ఏదో ఒకటి చేయబూనడం మూడోది. ఈ మూడూ ఒకే వయసులో, ఒకే వేగంతో రావు. పెద్దలు పిల్లల్లో చూసి నిరాశపడేది సాధారణంగా మూడోదాని లోపాన్ని. దానికి కారణం మాత్రం చాలాసార్లు రెండోదానిలో ఉంటుంది. కొన్నిసార్లు మొదటిది మరీ ఎక్కువ కావడంలో ఉంటుంది.

ఉద్వేగం అంటుకోవడం పుట్టుకతోనే మొదలవుతుంది. పుట్టి ఒకటి రెండు రోజులే అయిన పసికందులకు మరో పసికందు ఏడుపు వినిపిస్తే వారూ ఏడుస్తారనీ, కృత్రిమంగా తయారుచేసిన అంతే బిగ్గరైన శబ్దానికి అంతగా ఏడవరనీ 1976లో అబ్రహం సాగీ, మార్టిన్ హాఫ్‌మన్ ప్రచురించిన అధ్యయనం చూపింది. దీన్ని సహానుభూతి అనలేం, దాని తొలి మొలక అనవచ్చు. ఏడాది వయసులో ఇతరుల ఏడుపు చూసి పిల్లలు తమకే ఏదో అయినట్టు తల్లి ఒళ్లోకి వెళ్లి ముఖం దాచుకుంటారు. రెండో ఏడు నడుస్తుండగా ఒక మలుపు వస్తుంది. కారొలిన్ జాన్-వాక్స్‌లర్, మేరియన్ రాడ్కీ-యారో తమ అధ్యయనాల్లో తల్లులకే శిక్షణ ఇచ్చి, ఇంట్లో ఎవరైనా బాధపడ్డప్పుడు పసివారు ఏం చేశారో ఎప్పటికప్పుడు నమోదు చేయించారు. తమ బాధ, ఇతరుల బాధ వేరని తెలుస్తున్నకొద్దీ పసివారు ఏడుస్తున్నవారిని తట్టడం, నిమరడం, ఏదో ఒక వస్తువు తెచ్చి ఇవ్వడం ఈ వయసులోనే మొదలవుతుందని ఆ నమోదుల్లో కనిపించింది.

అయితే తెచ్చి ఇచ్చేది ఏమిటన్నది గమనించదగ్గది. హాఫ్‌మన్ చెప్పిన ఒక ఉదాహరణలో, ఏడుస్తున్న స్నేహితుణ్ణి ఊరడించడానికి ఒక పిల్లవాడు తన తల్లిని పిలుచుకు వస్తాడు. స్నేహితుడి తల్లి అక్కడే ఉన్నా సరే. దయ ఉంది, ప్రయత్నమూ ఉంది, కానీ తనకు ఊరటనిచ్చేదే అందరికీ ఊరటనిస్తుందన్న నమ్మకం ఇంకా తొలగలేదు. తల్లి చేతిలో కుక్కపిల్ల బొమ్మ పెట్టిన పిల్ల చేసిందీ అదే. పెద్దలు అది చూసి నవ్వేసి ఊరుకోకుండా "నీకు ఇష్టమైనది నాకు ఇచ్చావు, నాకు నొప్పి తగ్గాలని నీకనిపించింది కదూ" అంటే, పిల్ల చేసిన పనికి అర్థం మాటల్లో పిల్లకే తెలుస్తుంది. ఆ తరువాత "నాకు ఇప్పుడు కావలసింది చీకటి, నిశ్శబ్దం" అని చెబితే, అమ్మకు కావలసింది తనకు కావలసినదానికంటే వేరన్న పాఠం కూడా నొప్పించకుండా అందుతుంది.

ఇష్టాలు వేరువేరుగా ఉంటాయన్న ఎరుక అనుకున్నదానికంటే ముందే వస్తుంది. 1997లో బెట్టీ రెపచోలి, ఆలిసన్ గాప్నిక్ పసివారి ముందు రెండు గిన్నెలు పెట్టారు, ఒకదానిలో బ్రోకలీ, మరొకదానిలో చిన్న బిస్కెట్లు. పరిశోధకురాలు బ్రోకలీ తిని సంతోషపడినట్టు, బిస్కెట్ తిని మొహం చిట్లించినట్టు చూపించి, తనకు కొంచెం పెట్టమని చెయ్యి చాచింది. 14 నెలల పిల్లలు తమకు నచ్చిన బిస్కెట్లే ఇచ్చారు. 18 నెలల పిల్లలు మాత్రం ఆమెకు నచ్చినట్టు కనిపించిన బ్రోకలీని ఇచ్చారు. నాలుగు నెలల తేడాలో ఇంత దూరం నడిచిన మనసు, నాలుగో ఏట బొమ్మకారు దగ్గర ఎందుకు ఆగిపోతుందన్న ప్రశ్న సహజమే.

దానికి ఒక కారణం నమ్మకాలకు సంబంధించినది. ఇష్టాన్ని ముఖంలో చూడవచ్చు. ఎదుటివారి తలలోని తలపును చూడలేం, ఊహించాలి. 1983లో హైన్స్ విమర్, యోసెఫ్ పెర్నర్ పిల్లలకు ఒక చిన్న కథ చెప్పారు. ఒక అబ్బాయి చాక్లెట్‌ను ఒక అలమారలో పెట్టి బయటికి వెళతాడు. అతను లేనప్పుడు తల్లి దాన్ని మరో అలమారలోకి మారుస్తుంది. తిరిగి వచ్చిన అబ్బాయి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు సాధారణంగా చాక్లెట్ ఇప్పుడున్న చోటనే చూపిస్తారు. తమకు తెలిసినది అతనికి తెలియదన్న సంగతి వారికి తట్టదు. నాలుగు, అయిదేళ్ల మధ్య ఎక్కువమంది పాత చోటు చూపించడం మొదలవుతుంది. 2001లో హెన్రీ వెల్‌మన్, సహచరులు ఇలాంటి 178 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, దేశం మారితే వయసులో కాస్త ముందువెనుకలు ఉన్నా, ఎదుగుదల తీరు మాత్రం ఒకటేనని తేలింది. కాబట్టి "వాడు గీసిన బొమ్మను నువ్వు కావాలని చెరిపేశావని వాడు అనుకుంటున్నాడు, నీ చెయ్యి తగిలిందని వాడికి తెలియదు" అన్న వివరణ అయిదేళ్లవారికి వెలుగు చూపవచ్చు గాని, మూడేళ్లవారికి అందకపోవచ్చు. అందకపోవడం మొండితనం కాదు.

పిల్లలకు భావాలు ఏ వరుసలో అర్థమవుతాయో తెలిస్తే పెద్దల ఆశలు కూడా నేలమీదికి వస్తాయి. 2004లో ఫ్రాన్సిస్కో పోన్స్, పాల్ హారిస్, మార్క్ డి రోస్నే 3 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో భావాల అవగాహనను 9 అంశాలుగా విభజించి పరిశీలించారు. ముఖం చూసి సంతోషమో కోపమో గుర్తించడం, బయటి కారణాన్ని పసిగట్టడం, ఒక జ్ఞాపకం మళ్లీ దుఃఖం తెప్పించగలదని గ్రహించడం ముందు వస్తాయి. కోరికనుబట్టీ నమ్మకాన్నిబట్టీ భావం మారుతుందనీ, లోపల ఒకటి ఉండి పైకి మరొకటి చూపవచ్చనీ ఆ తరువాత తెలుస్తుంది. ఒకేసారి సంతోషమూ దిగులూ కలగవచ్చన్నది, తప్పు చేసినవాడికి లోలోపల బాధ కలుగుతుందన్నది ఇంకా ఆలస్యంగా, బడి ఈడులో గాని స్థిరపడవు. ఈ చివరి అంశాన్ని 1988లో గెర్ట్రూడ్ నన్నర్-వింక్లర్, బెయాటె సోడియన్ మరో విధంగా చూపారు. ఇతరుల వస్తువు దొంగిలించిన కథలోని పిల్లవాడు ఎలా ఉంటాడని అడిగితే, నాలుగేళ్లవారిలో ఎక్కువమంది "సంతోషంగా ఉంటాడు, కావలసింది దొరికింది కదా" అన్నారు. ఎనిమిదేళ్లవారిలో ఎక్కువమంది బాధపడతాడన్నారు. నాలుగేళ్లవారికి అది తప్పని తెలియక కాదు. తప్పన్న తెలివి, తప్పు చేస్తే కలిగే బాధ వారి మనసులో ఇంకా ముడిపడలేదు, అంతే. బొమ్మకారు పట్టుకుని వెళ్లిపోయిన పిల్ల ముఖంలో పశ్చాత్తాపం కోసం వెతకడం ఈ వయసులో తొందరపాటు.

రెండో కారణం అవగాహనకు సంబంధించినది కాదు, తట్టుకోగలగడానికి సంబంధించినది. ఎదుటివారి బాధ చూసినప్పుడు కలిగే రెండు రకాల స్పందనలను నాన్సీ ఐసెన్‌బర్గ్ దశాబ్దాల పాటు పరిశీలించి వేరుచేశారు. ఒకటి ఎదుటివారివైపు నడిపించే ఆర్తి, మరొకటి తననే ముంచెత్తే కలత. ముంచెత్తే కలత కలిగిన పిల్లలు సాయం చేయరు. చెవులు మూసుకుంటారు, గదిలోంచి పారిపోతారు, ఒక్కోసారి బిగ్గరగా నవ్వుతారు, లేదా ఏడుస్తున్నవారినే కొడతారు. పెద్దలకు ఇది కఠినత్వంలా కనిపిస్తుంది. నిజానికి అది తట్టుకోలేనితనం కావచ్చు. అలాంటి పిల్లలకు ఎదుటివారి బాధను మరింత నొక్కి చెప్పడం నిప్పుకు గాలి విసరడమే. ముందు వారిని దగ్గరికి తీసుకుని స్థిమితపరచాలి. తన భయాన్ని ఎవరో ఒకరు చల్లబరిచిన అనుభవం ఉన్న పిల్లలే మరొకరి భయం దగ్గర నిలబడగలుగుతారు. అందుకే సహానుభూతి పాఠంలో అధిక భాగం పిల్లలు మంచిగా ఉన్నప్పుడు చెప్పేది కాదు, వారు మారాం చేస్తున్నప్పుడు పెద్దలు వారితో ఎలా ఉన్నారన్నది.

ఇక మాటల సంగతి. ఈ విషయంలో ఎక్కువ ఆధారాలు ఉన్నదీ, ఇంట్లో ఎవరైనా చేయగలిగినదీ ఇదే గనుక కాస్త ఆగి చూడడం అవసరం. జూడీ డన్, సహచరులు 1991లో ప్రచురించిన అధ్యయనంలో, మూడేళ్ల వయసులో ఇంట్లో భావాల గురించి మాటలు ఎక్కువగా విన్న, ఆడిన పిల్లలు ఆరేళ్ల వయసులో ఇతరుల భావాలను మెరుగ్గా గుర్తించారని తేలింది. ఎవరు మాట్లాడారన్నది కూడా ముఖ్యమే. సీలియా బ్రౌనెల్ బృందం 2013లో ప్రచురించిన పరిశీలనలో, బొమ్మల పుస్తకం చదువుతున్నప్పుడు భావాలను తామే వివరించిన తల్లిదండ్రుల పిల్లలకంటే, "ఈ పాపకు ఏమనిపిస్తోంది, ఎందుకు" అని పిల్లలచేత చెప్పించిన తల్లిదండ్రుల పిల్లలే ఎక్కువగా పంచుకున్నారు, సాయపడ్డారు. రెండు మూడేళ్లవారు చెప్పే జవాబు తప్పయినా ఫరవాలేదు. ఊహించే శ్రమ పిల్లలే పడాలన్నది ఇక్కడి కిటుకు.

ఆ ఊహకు పదాలు కావాలి. తెలుగులో ఈ సంపద ఎంతో ఉంది గాని, పిల్లలతో మాట్లాడేటప్పుడు "హ్యాపీ, శాడ్, యాంగ్రీ" అన్న మూడు మాటల దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. అలక వేరు, కోపం వేరు; అలకలో బుజ్జగింపు కోసం ఎదురుచూపు ఉంటుంది. ఉక్రోషంలో కోపంతోపాటు ఓడిపోయిన బాధ ఉంటుంది. బెంగ దూరంగా ఉన్నవారి కోసం కలిగేది; బెరుకు కొత్తవారి ముందు కలిగేది; చిన్నబోవడం పదిమందిలో తనను పట్టించుకోనప్పుడు జరిగేది. "వాడు ఏడుస్తున్నాడు" అనే బదులు "వాళ్ల అమ్మ వెళ్లిపోయిందని వాడికి బెంగగా ఉంది" అంటే, ఆ మాటలోనే కారణమూ ఉంది, ఏం చేయవచ్చో సూచనా ఉంది. తెలుగు వాక్యం కట్టుబాటు కూడా ఇక్కడ కలిసివస్తుంది. "నాకు కోపం వచ్చింది", "వాడికి భయం వేసింది" అన్నప్పుడు భావం మనిషి దగ్గరికి వచ్చి పోయేదిగా వినిపిస్తుంది, మనిషి స్వభావంగా కాదు. "నువ్వు కోపిష్టివి" అన్న ముద్రకూ "నీకు కోపం వచ్చింది, కాసేపట్లో పోతుంది" అన్న మాటకూ మధ్య పసిమనసుకు చాలా దూరం ఉంది. నీది మొండితనం, వాడిది ఏడుపుగొట్టుతనం అని ముద్రలు వినే పిల్లలు ఎదుటివారిలో కారణాలు వెతకడం మానేసి స్వభావాలు వెతకడం నేర్చుకుంటారు.

తప్పు జరిగిన క్షణంలో పెద్దలు ఏమనాలన్నది మరో ముఖ్యమైన చోటు. హాఫ్‌మన్, హెర్బర్ట్ సాల్ట్‌స్టైన్ 1967లో క్రమశిక్షణ పద్ధతులను మూడు రకాలుగా చూశారు. బలంతో లొంగదీయడం ఒకటి, ప్రేమను ఉపసంహరించుకుంటున్నట్టు ప్రవర్తించడం రెండోది, చేసిన పనివల్ల ఎదుటివారికి ఏం జరిగిందో విడమరచి చెప్పడం మూడోది. నైతిక వికాసానికి మూడో పద్ధతి ఎక్కువగా తోడ్పడుతుందని వారి పరిశీలన, ఆ తరువాతి అనేక పరిశీలనలు సూచించాయి. భయపెట్టినప్పుడు పిల్లల ధ్యాస తనకు రాబోయే శిక్షమీదికి పోతుంది. తమ్ముడి ముఖం కనిపించదు. "నువ్వు లాగేసరికి వాడి వేలు నొక్కుకుంది, చూడు ఎర్రబడింది" అన్నప్పుడు ధ్యాస చేరవలసిన చోటికి చేరుతుంది. చెప్పేది రెండు చిన్న వాక్యాలకు మించకపోవడం, ఉద్రేకం కొంత దిగాక చెప్పడం, చివర "ఇప్పుడు ఏం చేద్దాం" అని బాగుచేసే దారి పిల్లలకే వదలడం అవసరం. చల్లటి గుడ్డ తెచ్చి వేలికి చుట్టిన పిల్ల, గోడవైపు చూస్తూ సారీ చెప్పిన పిల్లకంటే ఎక్కువ నేర్చుకుంటుంది. క్షమాపణ మాట అనవసరమని కాదు. లోపల భావం లేని చోట ఆ మాట గండం గడిచే మంత్రంగా మారుతుందన్నదే అభ్యంతరం.

ఈ పద్ధతికి ఒక వక్రరూపం ఉంది, దాన్ని గట్టిగా వేరుచేసి చూపడం తప్పనిసరి. "నువ్వు అన్నం తినకపోతే అమ్మ ఏడుస్తుంది", "నీవల్లే నాన్నకు తలనొప్పి వచ్చింది" వంటి మాటలు పైకి ఎదుటివారి భావాలను గుర్తుచేస్తున్నట్టే ఉంటాయి. కానీ అవి పిల్లలు చేసిన పనికీ, దాని నిజమైన ఫలితానికీ మధ్య సంబంధం చూపడం లేదు. పెద్దల మనసును మోసే బాధ్యతను నాలుగేళ్ల భుజాలమీద పెడుతున్నాయి. అలా పెరిగిన పిల్లలు ఇతరుల ముఖాలను చాలా నిశితంగా చదవగలుగుతారు, నిజమే, కానీ ఆ చదువు భయంతో వచ్చినది. పెద్దలు తమ దిగులును దాచనక్కరలేదు. "నాకు ఇవాళ మనసు బాగాలేదు, అది నీవల్ల కాదు, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది" అన్నంతవరకు చెప్పడం నిజాయితీ, దానికి మించి మోయించడం అన్యాయం.

బహుమతుల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. 2008లో ఫెలిక్స్ వార్నెకెన్, మైఖేల్ టోమసెల్లో ప్రచురించిన ప్రయోగంలో, సాయం చేసినప్పుడల్లా వస్తురూపంలో బహుమతి అందుకున్న 20 నెలల పిల్లలు, తరువాత బహుమతి లేనప్పుడు, ఏమీ అందుకోనివారికంటే తక్కువగా సాయపడ్డారు. నాదియా చెర్న్యాక్, తమర్ కుష్నిర్ 2013లో మరో కోణం చూపారు. దిగులుగా ఉన్న ఒక తోలుబొమ్మకు స్టిక్కర్ ఇవ్వడం తాము స్వయంగా ఎంచుకున్న చిన్నపిల్లలు, తరువాత మరో బొమ్మతో ఎక్కువగా పంచుకున్నారు. వేరే దారి లేక ఇచ్చినవారు అంతగా పంచుకోలేదు. ఇస్తావా, ఉంచుకుంటావా అన్న ఎంపిక నిజంగా ఉన్నప్పుడే ఇచ్చినందుకు "నేను ఇచ్చే మనిషిని" అన్న తలపు కలుగుతుంది. ఉంచుకుంటానన్న జవాబునూ ఒప్పుకోగలిగితేనే అది ఎంపిక. ఈ ఓపిక పెద్దలకు కష్టమైనదే, ముఖ్యంగా నలుగురి ముందు.

నటించి ఆడే ఆటలు, కథలు ఈ పనిని ఏ ఉపదేశం లేకుండా చేస్తాయి. డాక్టరు ఆటలో రోగిగా మారిన పిల్ల, సూది చూసి భయపడే స్థానంలో కూర్చుని వస్తుంది. కథ చదివేటప్పుడు కథానాయకుడి బాధనే కాక, బొమ్మలో ఓ మూల నిలబడి చూస్తున్నవారికి ఏమనిపిస్తోందని అడగడం బాగుంటుంది. చివర నీతి చెప్పడం మాత్రం మానుకోవడమే మేలు. నీతి వినగానే పిల్లలు ఊహించడం ఆపేస్తారు.

కొన్నిచోట్ల ఈ బోధనను తరగతి గదిలోకీ తెచ్చారు. 1996లో కెనడాలోని టొరంటోలో మేరీ గోర్డన్ 'రూట్స్ ఆఫ్ ఎంపతీ' అనే కార్యక్రమం ప్రారంభించారు. విద్యా సంవత్సరం మొదట్లో రెండు నుంచి నాలుగు నెలల వయసున్న శిశువు, తల్లి లేదా తండ్రితో కలిసి తరగతికి వస్తుంది. ఏడాది పొడవునా మళ్లీ మళ్లీ వస్తుంది. ఆకుపచ్చ దుప్పటి చుట్టూ కూర్చున్న పిల్లలు ఆ శిశువు ఎందుకు ఏడుస్తోంది, ఏం చూసి నవ్వుతోంది అని ఊహిస్తారు. ఇందులోని తెలివి శిశువును ఎన్నుకోవడంలో ఉంది. శిశువు మాట్లాడలేదు, నటించలేదు, తప్పు పట్టదు. చెప్పకుండానే తెలుసుకోవలసిన మనసు పిల్లల కళ్లముందు ఉంటుంది. ఇంట్లో చెల్లెలో తమ్ముడో పుట్టినప్పుడు ఇదే అవకాశం తనంతట తానే వస్తుంది, అసూయతో కలిసి వచ్చినా సరే.

పిల్లలందరూ ఒకే దారిన రారు. బిడియస్థులు లోపల కరిగిపోతూ కూడా అడుగు ముందుకు వేయలేరు. దూరంనుంచి చూస్తున్న ఆ చూపును లెక్కలోకి తీసుకోవాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో ఎదుటివారి తలపును ఊహించడం కష్టం కావచ్చని 1985లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఉతా ఫ్రిత్ చేసిన ప్రయోగం చూపింది. అయితే ఊహించడంలో కష్టం వేరు, పట్టింపు లేకపోవడం వేరు. ఏం జరిగిందో విడమరచి చెప్పినప్పుడు ఆ పిల్లల్లో అనేకమంది ఎంతో ఆర్తితో స్పందిస్తారు. ఇతరులను గాయపరచడంలో ఒక పిల్లవాడు మాటిమాటికీ ఆనందం పొందుతున్నట్టు కనిపించినా, ఎవరి ముఖాన్నీ ఎవరి ఏడుపునూ అసలు గమనించకపోయినా, ముద్ర వేయడం కాక పిల్లల వైద్యుల, మనస్తత్వ నిపుణుల సలహా తీసుకోవడం సరైన పని.

చివరిగా, అంతగా చర్చకు రాని ఒక సంగతి ఉంది. పిల్లల సహానుభూతి అందరివైపూ సమానంగా పారదు. 2011లో యారో డన్‌హమ్, ఆండ్రూ బారన్, సూసన్ కేరీ ప్రచురించిన ప్రయోగంలో అయిదేళ్ల పిల్లలకు ఏ కారణమూ లేకుండా వేరువేరు రంగుల చొక్కాలు తొడిగారు. ఆ కాస్త తేడాకే వారు తమ రంగు చొక్కా పిల్లలను ఎక్కువగా ఇష్టపడ్డారు, వారినుంచే మంచితనాన్ని ఎక్కువగా ఆశించారు. ఇంట్లోవారిపట్ల ఎంతో మెత్తగా ఉండే పిల్ల, కొత్తగా చేరిన, వేరే యాసలో మాట్లాడే పిల్లవాడు ఏడిస్తే ఏమీ పట్టనట్టు ఉండడం ఇందువల్లే కావచ్చు. "అందరినీ ప్రేమించాలి" అన్న మాట ఇక్కడ పనిచేయదు. ఆ పిల్లవాడికి ఏ ఆట ఇష్టం, వాడికి దేనికి భయం, ఇంట్లో వాణ్ణి ఏమని పిలుస్తారు అన్న మూడు సంగతులు కనుక్కుని రమ్మని పంపడం పనిచేయవచ్చు. కనుక్కుని వచ్చిన పిల్ల వాణ్ణి "ఆ కొత్తవాడు" అనడం మానేసి పేరు పెట్టి పిలవడం మొదలుపెడుతుంది.